ఇంట్లోనే పెరిగిన పిల్లి తప్పిపోయింది – కుందలహళ్ళి అపార్ట్‌మెంట్‌లో ఎక్కడ, ఎలా వెతకాలి?

స్వాతి_కుందలహళ్ళి

అందరికీ నమస్కారం. బెంగళూరులో పిల్లులు పెంచే తెలుగువాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారని అడుగుతున్నాను.

కుందలహళ్ళి గేట్ దగ్గర అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. నాలుగేళ్ళ ఆడపిల్లి. బూడిదరంగు ఒంటి మీద నల్లచారలు, ఛాతీ తెలుపు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. మైక్రోచిప్ (ఒంట్లో వేసే గుర్తింపు నంబరు చిప్పు) లేదు, మెడకు పట్టీ కూడా లేదు. పసికూనప్పటి నుంచీ ఇల్లు దాటి ఎరగదు. నిన్న మధ్యాహ్నం ఏసీ బిగించేవాళ్ళు సామాను తెస్తుండగా మెయిన్ డోర్ నుంచి బయటికి పోయింది. పేరు పెట్టి పిలుస్తూ చుట్టుపక్కల వీధులన్నీ తిరిగాం, ఎక్కడా అలికిడి లేదు. బిల్డింగ్‌కి రెండు బేస్‌మెంట్లు, పక్కన ఖాళీ సైటు, వెనక రాజకాలువె (పెద్ద వాననీటి కాలువ). లిట్టర్ బాక్స్ (పిల్లి మలమూత్రాలకు వాడే పెట్టె) తీసి బయట పెట్టమని కొందరు, అస్సలు వద్దని కొందరు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎంత దూరం వరకు చూడాలి?

పిల్లిగూడు

స్వాతి గారూ, ముందు వీధులు తిరగడం ఆపేయండి. గడప దాటని పిల్లి బయటపడితే పరుగెత్తి ఊరు దాటదు. కనిపించిన మొదటి సందులో దూరి బిగుసుకుపోతుంది. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో 1,210 తప్పిపోయిన పిల్లుల వివరాలు పరిశీలించారు. దొరికిన వాటిలో పూర్తిగా ఇంట్లోనే ఉండే పిల్లులను చూస్తే, సగం 39 మీటర్లలోపే ఉన్నాయి. బయట తిరిగే అలవాటున్న వాటికి అదే దూరం 300 మీటర్లు. 39 మీటర్లంటే మీ బిల్డింగ్, దాని ప్రహరీ, పక్క సైటులో ఈ చివరి ముక్క. మీ శక్తంతా అక్కడే పెట్టండి.

పిలిస్తే పలకలేదు కాబట్టి అక్కడ లేదనుకోవద్దు. బెదిరిన పిల్లి యజమాని గొంతు విన్నా నోరు మెదపదు, చప్పుడు చేస్తే ఎవరికో దొరికిపోతానని దాని భయం. రెండడుగుల దూరంలో మీరు పిలుస్తున్నా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది. అందుకని చెవుల మీద ఆధారపడకండి. ప్రతి కంతలోకీ వంగి కంటితో చూడాల్సిందే.

మొదట మీ ఇల్లే. బయటికి పోయిందని కళ్ళారా చూసినవాళ్ళు లేకపోతే ఇది తప్పనిసరి. బాక్స్ మంచం లోపల, సోఫా అడుగున గుడ్డ చిరిగిన చోట, వాషింగ్ మెషిన్ వెనక, అటక మీద, బీరువాలో దుప్పట్ల వెనక. చాలామంది వదిలేసేది మాడ్యులర్ కిచెన్ కింద. కింది అరలకూ నేలకూ మధ్య జానెడు లోపు ఖాళీ ఉంటుంది, దాన్ని పొడుగాటి పట్టీతో మూసేస్తారు. ఆ పట్టీ కాళ్ళకు క్లిప్పులతోనే పట్టుకుని ఉంటుంది, రెండు చేతులతో ముందుకు లాగితే ఊడొస్తుంది. సింక్ కింద పైపుల కోసం కోసిన కంత గుండా పిల్లి అందులోకి దిగిపోగలదు.

తర్వాత మెట్లు, పైకీ కిందికీ రెండువైపులా. ప్రతి అంతస్తులో చెప్పుల స్టాండ్ల వెనక, ఫైర్ పైపు పెట్టె, తలుపు సరిగా పడని కరెంటు షాఫ్ట్. మూడో అంతస్తు మీదున్న ఫ్లాట్ల వాళ్ళను ఇంట్లో మంచాల కింద చూడమనండి, తెరిచి ఉన్న ఏ తలుపులోకైనా దూరి ఉండొచ్చు. టెర్రస్ మీద సోలార్ వాటర్ హీటర్ ట్యాంకుల కింద తప్పకుండా చూడండి. ఈ ఊళ్ళో రాత్రి చలికి ఆ మూల వెచ్చగా ఉంటుంది.

బేస్‌మెంట్‌లో మాత్రం నడుస్తూ చూస్తే పనికిరాదు, నేల మీద పడుకోవాలి. మంచి టార్చ్ తీసుకుని నడుము దగ్గర కాకుండా కణత పక్కన, కంటికి ఆనించినట్టు పట్టుకోండి. పిల్లి కంట్లో పడ్డ వెలుగు వచ్చిన దారినే వెనక్కి తిరుగుతుంది. టార్చ్ మీ కంటి పక్కన లేకపోతే ఆ మెరుపు మీకు కనపడదు. సరిగ్గా పడితే కారు కింద నల్లగా ఉన్నచోట పచ్చగా రెండు చుక్కలు తేలతాయి. కార్ల చక్రాల మీది గూళ్ళు, ఎవరో పడేసిన పాత మంచాలు, పంపు గది, జనరేటర్ గది, ఎస్టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే) గది, ర్యాంపు కింది మూల, ఏదీ వదలొద్దు. బండి స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద రెండుసార్లు చరచమని అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ రోజే మెసేజ్ పెట్టండి. ఇంజిన్ వెచ్చదనానికి పిల్లి పైకెక్కి కూర్చుంటుంది.

వెతికే వేళ రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు మధ్య. వాహనాలు ఆగి కుక్కలు సద్దుమణిగాక పిల్లి కదులుతుంది. ఇద్దరికి మించి వెళ్ళకండి. గుంపుగా వెళ్తే అది ఇంకా లోపలికి పోతుంది.

సీసీటీవీ_సాయి

పై మాటలన్నీ నిజం. దానికి తోడు ఒకటి ఈ రోజే చేయాలి. అసోసియేషన్ ఆఫీసుకెళ్ళి సీసీటీవీ ఫుటేజీ అడగండి. హార్డ్ డిస్క్ నిండగానే పాతది చెరిగిపోతుంది, చిన్న బిల్డింగుల్లో వారానికే పోయే సందర్భాలున్నాయి. వెళ్ళగానే తెర మీది గడియారాన్ని మీ ఫోనుతో పోల్చుకోండి. డీవీఆర్ (ఫుటేజీ రికార్డు చేసే పెట్టె) టైమ్ పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ ఉండటం మామూలే, అది చూసుకోకపోతే అసలు ఘట్టం దాటి వెతుకుతారు. పిల్లి ఫ్రేమ్ మధ్యలో నడవదు, గోడ అంచు వెంట పోతుంది. కాబట్టి తెర అంచులు చూడండి. రాత్రి ఫుటేజీలో శరీరం సరిగా కనపడకపోయినా కళ్ళు తెల్లచుక్కల్లా తెలిసిపోతాయి.

కెమెరా లేని చోట పిండి వాడండి. జనరేటర్ గది గుమ్మం, షాఫ్ట్ తలుపు, ర్యాంపు కింది మూల, ఇలా అనుమానం ఉన్న ప్రతి చోటా మూరెడు వెడల్పున గోధుమపిండి పల్చగా జల్లెడతో చల్లి తెల్లారి చూడండి. పిల్లి అడుగు గుండ్రంగా, 3 నుంచి 4 సెంటీమీటర్ల వెడల్పుతో, నాలుగు వేళ్ళతో పడుతుంది, గోళ్ళ గుర్తులుండవు. కుక్కపిల్లదైతే వేళ్ళ ముందు గోళ్ళ చుక్కలు కనిపిస్తాయి. హౌస్‌కీపింగ్ వాళ్ళకు ముందే చెప్పకపోతే పొద్దున్నే తుడిచేస్తారు.

ఆనేకల్_వాలంటీర్

లిట్టర్ బాక్స్ సంగతి. నేనైతే పెట్టొద్దంటాను. ఆ వాసనకు మీ పిల్లి వస్తుందో లేదో గానీ చుట్టుపక్కల గండుపిల్లులు మాత్రం వచ్చి కాపలా కూర్చుంటాయి. ఇక మీది బయటికి రాదు. బదులుగా అది పడుకునే దుప్పటిని ఉతక్కుండా మీ ఫ్లాట్ తలుపు బయట పెట్టండి, రాత్రిపూట తలుపు రెండు వేళ్ళంత తెరిచి ఉంచి ఒకరు లోపల మేలుకుని ఉండండి.

తిండి గిన్నెలు నాలుగుచోట్ల పెట్టకండి. ఒక్కచోటే, అదీ చూసేందుకు ఒక కెమెరా ఉంటేనే. పాత ఫోనుని వైఫైలో పెట్టి కెమెరాగా వాడుకోవచ్చు. చూడకుండా తిండి పెడితే ఎవరు తిన్నారో తెలియదు, వీధికుక్కలు అలవాటు పడతాయి.

స్వాతి_కుందలహళ్ళి

చాలా చాలా థాంక్స్ అందరికీ. ఫుటేజీలో దొరికింది! మెట్ల మీదుగా మొదటి బేస్‌మెంట్‌కి దిగింది, ర్యాంపు కెమెరాలో మాత్రం ఎక్కడా లేదు. జనరేటర్ గది ముందు పిండిలో గోళ్ళు లేని అడుగులు పడ్డాయి. లోపల పైపుల వెనక టార్చ్ వేస్తే కళ్ళు మెరిశాయి, ఒక అడుగు ముందుకేయగానే ఇంకా లోపలికి వెళ్ళిపోయింది. చెయ్యి చాపితే అందదు. బోను పెట్టాలా? ఎలా పెట్టాలో వివరంగా చెప్తారా?

ఆనేకల్_వాలంటీర్

చాలా మంచి వార్త. ఇప్పుడు చెయ్యి పెట్టి లాగొద్దు, కర్రతో అదిలించొద్దు. చోటు మారిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ముందు ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి, కరెంటు పోతే జనరేటర్ తనంతట తాను ఆన్ అవకుండా మాన్యువల్‌లో పెట్టించండి. కరెంటు పోయినప్పుడు సెక్యూరిటీ ఒకసారి లోపల చూసి చేత్తో స్టార్ట్ చేస్తారు. లిఫ్టులు దాని మీదే నడుస్తాయి కాబట్టి అసోసియేషన్‌కి చెప్పే చేయండి.

బోను ఎలుకలది పనికిరాదు. పొడవు కనీసం 75 సెంటీమీటర్లు, ఎత్తు 30 ఉండాలి, లేకపోతే తలుపు తోక మీద పడుతుంది. వీధిపిల్లులకు ఆపరేషన్లు చేయించే వాలంటీర్లను అడిగితే డిపాజిట్ మీద అరువిస్తారు. తెచ్చాక, పిల్లి తొక్కగానే తలుపు పడేలా చేసే లోపలి మీట పనిచేస్తుందో లేదో దాని మీద కిలో కందిపప్పు ప్యాకెట్ పెట్టి చూడండి. దానికి తలుపు పడకపోతే కీలు తుప్పు పట్టినట్టే, ఒక చుక్క కొబ్బరినూనె వేయండి. పిల్లి తిండి తిని దర్జాగా వెనక్కి నడిచిపోయేది చాలావరకు ఈ మీట బిగుసుకుపోయినప్పుడే. ఒకసారి అలా తప్పించుకుంటే రెండోసారి జాగ్రత్తపడుతుంది.

బోనుని గది మధ్యలో కాకుండా గోడకు ఆనించి, నోరు పైపుల వైపు ఉండేలా పెట్టండి. అడుగున ఒక్క పొర పేపరు పరవండి, తీగల మీద కాలు పెట్టడానికి పిల్లి జంకుతుంది. బోను కదలకుండా రెండు పక్కలా ఇటుకలు. పైన దాని సొంత దుప్పటి కప్పండి, నోరు మాత్రం తెరిచి ఉంచండి. ఎర ఘాటుగా వాసన వచ్చేది కావాలి. ఇక్కడ బంగుడె అని అమ్మే కానాగంత చేపలను ఉప్పు, మసాలా, వెల్లుల్లి ఏమీ లేకుండా పెనం మీద కాల్చండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తానికి విషం. ఎర మొత్తం మీటకు అవతల, వెనక గోడకు ఆనించి. దారిలో బఠాణీ గింజంత ముక్కలు మూడు నాలుగు చాలు. ఎక్కువ పెడితే గుమ్మంలోనే కడుపు నింపుకుంటుంది. ఆ రాత్రి బేస్‌మెంట్‌లో ఇంకెవరూ పిల్లులకు తిండి పెట్టకుండా చూడండి.

పెట్టి వెళ్ళిపోవద్దు. అరగంటకోసారి కెమెరాలో చూడండి, వేరే పిల్లి పడితే వెంటనే వదిలేయండి. మీ పిల్లి వచ్చి వాసన చూసి వెనక్కి పోతుంటే ఒక రాత్రి తలుపుని తాడుతో కట్టేసి బోనులోనే తిననివ్వండి, మర్నాడు తాడు విప్పండి.

పడ్డాక అక్కడ తెరవనే వద్దు. ముద్దొచ్చినా, ఏడ్చినా సరే. దుప్పటి పూర్తిగా కప్పి బోనుతో సహా ఇంటికి తీసుకెళ్ళి, కిటికీలు మూసిన ఒక్క గదిలో తెరవండి. చేతుల్లో ఎత్తుకుని లిఫ్ట్ దాకా నడిచేటప్పుడు ఏదో బైకు స్టార్ట్ అయితే గోళ్ళు దింపి దూకేస్తుంది. కరిస్తే లేక రక్కితే సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి అడగండి. ఇంటి పిల్లే కదా అని వదిలేయొద్దు.

మారతహళ్ళి_రవి

బోను పెట్టినా పోస్టరు ఆపకండి, ఒకవేళ జారిపోతే పనికొస్తుంది. కన్నడంలో పెద్ద అక్షరాలతో బెక్కు కాణెయాగిదె (పిల్లి తప్పిపోయింది) అని, కింద హిందీ, ఇంగ్లిష్. గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్ళు చాలామంది ఉత్తరాది, ఈశాన్య రాష్ట్రాల వాళ్ళు, తెలుగు పోస్టరు వాళ్ళకు చేరదు. ఫోటో సగం పేజీ ఉండాలి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నోరు కిందికి ఉండేలా అంటిస్తే వాన నీళ్ళు నిలవవు. కరెంటు స్తంభాలు, ప్రభుత్వ గోడల మీద వద్దు, కర్ణాటకలో దానికి 1981 నుంచే చట్టం ఉంది. నందిని పాల బూత్, మెడికల్ షాపు, పక్క అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర అడిగి పెట్టండి. పొద్దున చెత్త ఆటోతో వచ్చేవాళ్ళకు ఫోటో చూపించండి, ఖాళీ సైట్ల మూలలు వాళ్ళకు తెలిసినంతగా మనకు తెలియవు.

ఒక గుర్తు మాత్రం పోస్టర్లో రాయకుండా దాచుకోండి. దొరికింది, ముందు డబ్బు పంపండి అని ఫోన్లొస్తాయి. వీడియో కాల్‌లో ఆ గుర్తు చూపించమనండి. అంతవరకూ రూపాయి పంపొద్దు, ఓటీపీ చెప్పొద్దు.

హెబ్బాళ_వెట్

జనరేటర్ గది అన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. అక్కడ రెండు ప్రమాదాలు. ఒకటి కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. అందులో ఎక్కువగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, చాలా కొద్దిగా నాకినా పిల్లి కిడ్నీలు దెబ్బతింటాయి. తాగినట్టు తూలడం, వాంతులు, అతిగా దాహం కనిపిస్తే తెల్లారే దాకా ఆగొద్దు, మొదటి కొద్ది గంటల్లోనే చికిత్స పనిచేస్తుంది. ఈ రోజే గది నేల తుడిపించండి. రెండోది బేస్‌మెంట్లలో పెస్ట్ కంట్రోల్ వాళ్ళు పెట్టే ఎలుకల మందు. బ్రోమాడియోలోన్ లాంటివి తింటే రెండు మూడు రోజుల దాకా ఏమీ కనపడదు, తర్వాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. దానికి విరుగుడుగా విటమిన్ కె1 ఉంది. ఏ మందు పెట్టారో ప్యాకెట్ ఫోటో తీసి దగ్గర ఉంచుకోండి.

దొరికాక ఆకలితో ఉందని గిన్నె నిండా పెట్టకండి. ఒకటి రెండు చెంచాల తడి తిండి, మూడు నాలుగు గంటలకోసారి, మొదటి రోజంతా అంతే. నీళ్ళు ఎన్నైనా. ఇంటికొచ్చాక కూడా ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే తీసుకురండి. పిల్లులు రోజుల తరబడి తినకపోతే కాలేయానికి కొవ్వు పడుతుంది, లావుపాటి వాటికి మరీ త్వరగా. చిగుళ్ళు, చెవి లోపలివైపు పసుపురంగుకు తిరిగాయేమో పగటి వెలుతురులో చూడండి. ఒంటికి డీజిల్ అంటితే పొడి తువ్వాలుతో అద్ది, నాక్కోకుండా మెడకు కోన్ (గరాటు ఆకారపు పట్టీ) వేసి తీసుకురండి. ఇంట్లో కిరోసిన్, టర్పెంటైన్‌లతో తుడవొద్దు.

అదే రోజు మైక్రోచిప్ కూడా వేయించేయండి. 15 అంకెల నంబరు, బియ్యపు గింజంత గుళిక, ఇంజెక్షన్ లాగే మెడ వెనక వేస్తారు. అది ఎక్కడుందో ఫోనులో చూపించదు, రీడర్ ఉన్న క్లినిక్‌కి ఎవరైనా తీసుకెళ్తేనే ఉపయోగం. కాబట్టి నంబరుతో పాటు మీ ఫోను రిజిస్టర్ అయిందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. చాలా చిప్పులకు ఆ పని సగంలో ఆగిపోయి ఉంటుంది.