స్నాప్‌షాట్ నుంచి లేపిన గెస్ట్‌లో రిజిస్టర్లన్నీ సరే, స్లీప్ మాత్రం పూర్తవట్లేదు

రింగ్‌జీరో:
కేవీఎం (లినక్స్ కెర్నల్‌లోని వర్చువలైజేషన్ సదుపాయం) మీద సొంతంగా చిన్న వీఎంఎం (వర్చువల్ మెషీన్లను నడిపే ప్రోగ్రామ్) రాస్తున్నా. గెస్ట్ (లోపల నడిచే ఓఎస్) లినక్స్, ఒకటే వీసీపీయూ (వర్చువల్ సీపీయూ). స్నాప్‌షాట్ తీసి కొత్త ప్రాసెస్‌లో రీస్టోర్ చేస్తే ఆర్‌ఐపీ, ఆర్‌ఎస్‌పీ, సీఆర్3 అన్నీ సేవ్ చేసినవాటితో బిట్ తేడా లేకుండా సరిపోతున్నాయి. కానీ షెల్‌లో స్లీప్ నడుస్తుండగా స్నాప్‌షాట్ తీశానా, రీస్టోర్ అయ్యాక ఆ స్లీప్ ఇక పూర్తవదు. సీరియల్ కన్సోల్లో ఏదో ఒక కీ కొడితే చాలు, ఉలిక్కిపడి లేచినట్టు అంతా నడుస్తుంది! ఎర్రర్ ఏమీ లేదు.

రీస్టోర్ చేసే వరుస: రెగ్స్ (మామూలు రిజిస్టర్లు), ఎస్‌రెగ్స్ (సెగ్మెంట్, కంట్రోల్ రిజిస్టర్లు), ఎక్స్‌సేవ్ (ఫ్లోటింగ్ పాయింట్, వెక్టర్ స్టేట్), ఎంఎస్‌ఆర్‌లు (సీపీయూ ప్రత్యేక రిజిస్టర్లు), ఆఖర్న ల్యాపిక్ (సీపీయూ సొంత ఇంటరప్ట్ కంట్రోలర్, టైమర్ ఉండేది ఇందులోనే).

పేజ్‌ఫాల్ట్:
గెస్ట్ గడియారం వెనకబడిందేమో. సెట్ క్లాక్ కాల్ పిలుస్తున్నారా?

రింగ్‌జీరో:
పిలుస్తున్నానండి. కీ కొట్టి లేపాక డేట్ చూస్తే టైమ్ బాగానే ఉంది.

పాతఇంటరప్ట్:
గడియారం సంగతి వదిలేయండి. కీ కొడితే లేస్తోందంటే సీపీయూ హాల్ట్‌లో పడుకుని ఉంది, లేపాల్సిన టైమర్ ఇంటరప్ట్ రావట్లేదు. ల్యాపిక్ కంటే ముందే ఎంఎస్‌ఆర్‌లు రాస్తున్నారు, చిక్కంతా అక్కడే.

లినక్స్ గెస్ట్ మామూలుగా టీఎస్‌సీ (సీపీయూలోని టైమ్ కౌంటర్) డెడ్‌లైన్ మోడ్ వాడుతుంది. కౌంటర్ ఎంతకు చేరితే తనను లేపాలో ఆ విలువను ఒక ఎంఎస్‌ఆర్‌లో రాసిపెడుతుంది. ఆ రాత చెల్లాలంటే ల్యాపిక్ టైమర్ అప్పటికే డెడ్‌లైన్ మోడ్‌లో ఉండాలి. మోడ్ ఉండేది హెక్స్ 320 ఆఫ్‌సెట్‌లోని ఎల్‌వీటీ టైమర్ రిజిస్టర్లో, 17, 18 బిట్లలో. కొత్తగా పుట్టిన మీ వీసీపీయూలో అక్కడ రీసెట్ విలువ హెక్స్ 10000 ఉంటుంది, అంటే మాస్క్ అయి (ఇంటరప్ట్ ఆపేసి) ఉన్న వన్‌షాట్ మోడ్, డెడ్‌లైన్ మోడ్ కాదు. కేవీఎం అది చూసి మీరిచ్చిన డెడ్‌లైన్‌ను చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. పైగా సెట్ ఎంఎస్‌ఆర్స్ తిరిగిచ్చే లెక్కలో దాన్నీ రాసినట్టే కలిపేస్తుంది! కనీసం ఒక ఎర్రర్ కోడైనా ఇచ్చి ఉంటే ఎందరి రాత్రులు మిగిలేవో.

కాబట్టి ముందు ఎస్‌రెగ్స్ (ఏపిక్ బేస్ వచ్చేది అందులోనే), తర్వాత ల్యాపిక్, ఆ తర్వాతే ఎంఎస్‌ఆర్‌లు. వాటిలోనూ టీఎస్‌సీ ముందు, డెడ్‌లైన్ వెనక. వీసీపీయూ ఈవెంట్స్ (పెండింగ్ ఇంటరప్ట్‌లు, ఎక్సెప్షన్లు) అన్నిటికన్నా చివర. ఫైర్‌క్రాకర్ (ఓపెన్‌సోర్స్ వీఎంఎం) సోర్స్ తెరిచి చూడండి, ఏది ఎందుకు ముందో కామెంట్లలోనే ఉంది.

రింగ్‌జీరో:
కుదిరింది! రన్ (వీసీపీయూను నడిపే కాల్) పిలవకముందే ఆ ఎంఎస్‌ఆర్ చదివితే ఇంతకుముందు సున్నా వచ్చేది, ఇప్పుడు సేవ్ చేసిన విలువే వస్తోంది. ప్రాక్ ఇంటరప్ట్స్‌లో ఎల్‌ఓసీ (లోకల్ టైమర్ ఇంటరప్ట్‌ల లెక్క) లైన్ కూడా కదులుతోంది. సేవ్ చేసేటప్పుడు కూడా ఇలాంటి వరుస ఏమైనా ఉందా?

పాతఇంటరప్ట్:
ఉంది. ఎంపీ స్టేట్ (వీసీపీయూ నడుస్తోందా, హాల్ట్‌లో ఉందా అనే స్థితి) ముందు చదవండి. ఆ కాల్ పెండింగ్‌లో ఉన్న ఇనిట్, సిపీలను (సీపీయూను రీసెట్ చేసి మొదలుపెట్టే సంకేతాలను) అక్కడికక్కడే అమలు చేసి మిగతా స్టేట్‌ను మార్చగలదు. ఇంకోటి, గెస్ట్ పోర్ట్ ఐఓ మధ్యలో బయటికొచ్చి ఉంటే ఆ ఇన్‌స్ట్రక్షన్ ఇంకా పూర్తి కానట్టే. ఇమ్మీడియట్ ఎగ్జిట్ ఫ్లాగ్ పెట్టి ఒక్కసారి రన్ పిలిచి, అది ఈఇంటర్‌తో (కాల్ మధ్యలో ఆగిందని చెప్పే ఎర్రర్ కోడ్‌తో) తిరిగొచ్చాకే రిజిస్టర్లు తీయండి.