ఈశ్వరీబాయి గారి అసెంబ్లీ ప్రసంగాలు ఎలా వెతకాలి?

ఈశ్వరీబాయి గారి మీద వ్యాసం రాస్తున్నాను. సికింద్రాబాద్‌లో టీచరుగా పనిచేశారు, గీతా విద్యాలయం పెట్టారు, 1967లోనూ 1972లోనూ ఎల్లారెడ్డి నుంచి రిపబ్లికన్ పార్టీ తరఫున ఎమ్మెల్యేగా గెలిచారు. ఇంతవరకు సులువుగానే దొరికింది. బడుల గురించి, దళిత పిల్లల చదువు గురించి సభలో ఆవిడ ఏం మాట్లాడారన్నదే నాకు అసలు కావాల్సింది. ఆవిడ మాటల్లోనే కావాలి, ఎవరో చెప్పిన సారాంశం కాదు.

ఆనాటి చర్చల సంపుటాలు కొన్ని ఆన్‌లైన్‌లో స్కాన్ పీడీఎఫ్‌లుగా దొరికాయి. పేజీలన్నీ బొమ్మలే కాబట్టి పేరు టైప్ చేస్తే ఏమీ రావట్లేదు. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టైపు అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్) పెట్టి చూస్తే ఒత్తులన్నీ ఎగిరిపోయి 'ఈశ్వరీ' కాస్తా 'ఈశరీ' అవుతోంది. బడ్జెట్ సమావేశాల్లో విద్యాశాఖ పద్దుల చర్చ తిరగేద్దామంటే ఆ తేదీలు తెలియడం లేదు.

1967–77 మధ్య ఏ సభ్యుడు ఏ రోజు మాట్లాడారో పేర్లవారీగా చూపే సూచిక ఎక్కడ దొరుకుతుంది?