ఎఫ్‌బీఐకి పంపిన వేలిముద్రలు తిరస్కరించారు: రెండోసారి ఎలా వేయించుకోవాలి?

కృష్ణాతీరం:

నమస్కారం. మా వారి ఉద్యోగరీత్యా 2017 నుంచి 2021 వరకు న్యూజెర్సీలో ఉండి, తరువాత విజయవాడకు వచ్చేశాము. ఇప్పుడు కెనడాలో స్థిరపడేందుకు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వలస పథకానికి పేర్లు నమోదు చేసుకున్నాము. గత పదేళ్లలో వరుసగా ఆరు నెలలు, అంతకు మించి ఏ దేశంలో ఉన్నా ఆ దేశపు పోలీసు ధ్రువపత్రం పెట్టాలి. ఆహ్వానం వచ్చాక దరఖాస్తుకు 60 రోజులే గడువు కనుక, ముందుగానే అమెరికా పత్రం తెప్పించుకుందామని, వేలిముద్రలు చూసి దాన్ని ఇచ్చే అక్కడి దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి ఇద్దరి వేలిముద్రల కార్డులూ పంపాము. హైదరాబాదులో వేయించుకున్న మా వారి కార్డును ఒక్కసారికే తీసుకున్నారు. మా ఊళ్లోనే ఒకచోట నేను వేయించుకున్నదాన్ని మాత్రం గీతలు స్పష్టంగా లేవని తిరస్కరించారు.

నేను ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రోజంతా చేతులు కడుగుతూ, శానిటైజర్ రాస్తూ ఉంటాను. రేషన్ దుకాణంలోని యంత్రం మీద కూడా మూడుసార్లు పెడితే గానీ నా వేలు పట్టదు. కార్డు మీద ముద్రలు వేయించిన చోట ఊదారంగు స్టాంపు ప్యాడు మీద వేలు అద్దించి వేయించారు. లోపం నా వేళ్లదా, వేయించిన పద్ధతిదా? ఛానెలర్లు అనే ప్రైవేటు మధ్యవర్తి సంస్థల ద్వారా త్వరగా అవుతుందంటున్నారు, అది మాకు వర్తిస్తుందా? అమెరికా వీసాకు కాన్సులేటువారు తీసుకున్న ముద్రలు వాళ్ల దగ్గర ఉన్నాయి కదా, అవి సరిపోవా?

మూడు కార్డులు:

మేడమ్, మీ చివరి రెండు ప్రశ్నలకు ముందుగా జవాబు చెబుతాను. ఎఫ్‌బీఐ ఆమోదించిన ఛానెలర్లు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రమే ఈ పని చేసిపెట్టగలరు. హెచ్-1 ఉద్యోగ వీసా మీద, వారి కుటుంబానికిచ్చే హెచ్-4 మీద ఉండి వచ్చేసిన మనలాంటివాళ్లు నేరుగా ఎఫ్‌బీఐకే పంపుకోవాలి. వీసాకు ఇచ్చిన ముద్రలు ఇందుకు పనికిరావు. రేపు కెనడావారికి ఇచ్చే బయోమెట్రిక్స్ కూడా వేరే సంగతి, దానికీ దీనికీ సంబంధం లేదు.

రుసుము మనిషికి 18 డాలర్లు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేసి, రుసుము కట్టి, వచ్చిన ధ్రువీకరణ మెయిలును ముద్రించి, కార్డుతో కలిపి వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్ చిరునామాకు కొరియరు చేయాలి. అట్ట కార్డు, అంటే ఎఫ్‌డీ-258, దొరకకపోతే ఎఫ్‌బీఐ సైటులోని ఎఫ్‌డీ-1164 ఫారాన్ని మామూలు తెల్ల కాగితం మీద ముద్రించుకున్నా తీసుకుంటారు. నాదీ మొదటిసారి తిరిగి రావడంతో, రెండోసారి ఒకే పూటలో మూడు కార్డుల మీద ముద్రలు వేయించుకుని మూడూ ఒకే కవరులో పంపాను. ఒకదానిలో అలుక్కుపోయిన వేలు మరొకదానిలో బాగా పడి ఉండవచ్చన్నది నా ఆశ. ఈలోగా చుట్టపుచూపుగా అమెరికా వెళ్లే పని పడితే మాత్రం కార్డుల జోలికి పోవద్దు. అక్కడ కొన్ని పోస్టాఫీసుల్లో స్కానర్ మీదే తీసుకుని ఎలక్ట్రానిక్‌గా పంపేస్తారు.

శంఖచక్రాలు:

అమ్మా, నేను పోలీసు శాఖ వేలిముద్రల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ వేళ్లను అనుమానించే ముందు ఆ స్టాంపు ప్యాడును అనుమానించండి. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు మీద నిశాని వేయడానికి అది చాలు గానీ, ఇలాంటి కార్డుకు పనికిరాదు. ఆ సిరా పలచగా ఉండి గీతల మధ్య సందుల్లోకి దిగిపోతుంది. అప్పుడు కాగితం మీద గీతలకు బదులు మచ్చ పడుతుంది.

కావలసింది నల్లని ముద్రణ ఇంకు. మినపగింజంత ఇంకును గాజుపలక మీద వేసి, కింద కాగితం పెడితే అక్షరాలు లీలగా కనిపించేంత పలచగా రోలరుతో పరవాలి. వేలిని స్పిరిటుతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పలక మీద ఒకసారి, కార్డు మీద ఒకసారి దొర్లించాలి. మన పెద్దలు చక్రాలు, శంఖాలు అని లెక్కపెట్టేవారు చూడండి, చక్రమున్న వేలికి ఇరుపక్కలా గీతలు మూడు దిక్కులకు చీలే చోట్లు రెండు ఉంటాయి, శంఖానికి ఒకటే. వాటిని డెల్టాలంటాము. వేలిని దొర్లించకుండా అద్ది తీసేస్తే ఆ చోట్లు కార్డు మీదకు రావు, అవి లేని ముద్రతో పోల్చిచూసేవాడు ఇబ్బంది పడతాడు. బొటనవేళ్లను ఒంటి వైపుకు, మిగిలిన వేళ్లను బయటి వైపుకు తిప్పితే చెయ్యి మెలిక పడదు. మీరు చేతిని వదులుగా వదిలేసి ఎటో చూస్తూ ఉండండి, తిప్పవలసింది వేయించే మనిషే. సాయం చేద్దామని మీరు నొక్కారంటే గీతలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. కార్డు కింది భాగంలో నాలుగు వేళ్లనూ ఒకేసారి ఆనించి వేసే ముద్రలు, పైన వేళ్ల వరుస తారుమారు కాలేదని సరిచూసుకోవడానికి.

మీ వృత్తి వల్ల గీతలు కొంత అరిగిన మాటా నిజమే. వీలైతే నాలుగైదు రోజులు సెలవు పెట్టి, రాత్రిళ్లు కొబ్బరినూనె రాసుకోండి. ముద్రలు వేయించే రోజున మాత్రం జిడ్డు ఏమాత్రం ఉండకూడదు. ఈ పత్రం వచ్చేదాకా గోరింటాకు పెట్టుకోకండి.

ఇంటిపేరు ముందా వెనకా:

పెద్దాయన ముద్రల సంగతి చెప్పారు కనుక నేను కార్డు పైభాగంలో వివరాలు నింపే గడుల సంగతి చెబుతాను. ఎత్తు అడుగులు, అంగుళాల్లోనూ, బరువు పౌండ్లలోనూ రాయాలి. నేను కిలోలు రాసి కార్డు పాడుచేసుకున్నాను. పేరులో ఇంటిపేరు మొదట వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, అమెరికా వీసాలో సొంత పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి, పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడిన మనవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ రికార్డుల్లో ఉన్న రూపాలన్నీ, పెళ్లికి ముందు ఇంటిపేరు వేరైతే దానితో సహా, ఇతర పేర్ల గడిలో రాయండి. సంతకం ఇంటి దగ్గరే చేసుకుని వెళ్లకండి, ముద్రలు వేయించే అధికారి ఎదుటే చేయాలి.

కృష్ణాతీరం:

అందరికీ ధన్యవాదాలు. వారం రోజులు సెలవు పెట్టి, హైదరాబాదు వెళ్లి, గాజుపలక, రోలరు ఉన్నాయని ముందుగా ఫోనులో కనుక్కున్న చోటే మూడు కార్డులు వేయించుకున్నాను. రెండో కార్డు మీద ఎడమ చిటికెనవేలు కాస్త జారింది, మిగిలినవన్నీ గీతకు గీత లెక్కపెట్టేంత స్పష్టంగా పడ్డాయి. నా కుడి ఉంగరపు వేలికి చక్రం ఉందని ఇన్నేళ్లకు తెలిసింది. నిన్న మెయిలులో పత్రం వచ్చింది, నా పేర నేరచరిత్ర ఏదీ లేదట. గోళ్ల అంచుల్లో చేరిన ఇంకు మాత్రం రెండు రోజుల దాకా వదలలేదు.