డ్రోన్ దూరం కొలిచే లేజర్: ఒక్క పెద్ద పల్సా, వేల చిన్న పల్సులా?

హనుమకొండ ఈసీఈ:
ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా, నేల మీద నుంచి డ్రోన్‌ను వెంబడిస్తూ దూరం కొలిచే లేజర్ తయారు చేస్తున్నాం. ట్రయల్ భద్రకాళి చెరువు మీద, కిలోమీటరు లోపు. డ్రోన్‌కు రెట్రోరిఫ్లెక్టర్ (కాంతిని వచ్చిన దారినే తిప్పి పంపే అద్దం) బిగిస్తాం. ఎక్కువ శక్తి ఉన్న పల్స్ (క్షణకాలపు కాంతి మెరుపు) లేజర్ కొనాలని సగం మంది, చిన్న పల్సులు వేలల్లో పంపి సగటు తీయాలని సగం మంది. మీరేమంటారు?

కరీంనగర్ అన్న:
పెద్దదే తీసుకోండి తమ్ముళ్లూ. మన ఎండల్లో డిటెక్టర్ మీద సూర్యకాంతే కుప్పలుగా పడుతుంది. అందులో మీ చిన్న పల్స్ ఎక్కడ దొరుకుతుంది? పైగా సగటు తీసేలోపు డ్రోన్ జరిగిపోతుంది.

కాజీపేట ఆప్టిక్స్:
అన్నా, ఎండకు మందు పవర్ కాదు, గేటు. కిలోమీటరు దూరం పోయి రావడానికి కాంతికి 6.67 మైక్రోసెకన్లు పడుతుంది. ముందు కొలతను బట్టి తర్వాతిది ఎప్పుడొస్తుందో తెలుస్తుంది కాబట్టి, ఆ సమయం చుట్టూ 100 నానోసెకన్లే డిటెక్టర్ తెరిస్తే చాలు, అంటే 15 మీటర్ల పరిధి. డిటెక్టర్‌కు ముందు లేజర్ రంగును మాత్రమే వదిలే ఫిల్టర్ పెడితే ఎండ చాలావరకు ఆగిపోతుంది.

ఇక డ్రోన్ కదలిక. సెకనుకు 10,000 పల్సులు పంపితే 100 కొలతలు 10 మిల్లీసెకన్లలో అయిపోతాయి. సెకనుకు 10 మీటర్లు పోయే డ్రోన్ ఆలోపు 10 సెంటీమీటర్లే జరుగుతుంది, దాని వేగాన్ని లెక్కలో కలిపేస్తే అదీ పోతుంది. ఉపగ్రహాల దూరం కొలిచే ఆస్ట్రియాలోని గ్రాజ్ కేంద్రం 2003లోనే సెకనుకు 2,000 చిన్న పల్సుల పద్ధతికి మారింది.

నాకు అసలు భయం కళ్ల గురించి. చెరువు కట్ట మీద పొద్దునా సాయంత్రం జనం నడుస్తుంటారు. పెద్ద పల్స్ లేజర్లు ఎక్కువగా ఇచ్చే 1064 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ కాంతి కంటికి కనబడదు, రెప్ప వేసే అవకాశమే ఉండదు, నేరుగా రెటీనా మీద పడుతుంది. పెద్ద పల్స్ అక్కడ వాడొద్దు. దయచేసి.

మిగిలిన డబ్బు టైమర్ మీద, మౌంట్ (లేజర్‌ను డ్రోన్ వైపు తిప్పే స్టాండు) మీద పెట్టండి. టైమర్‌లో ఒక్క నానోసెకను తప్పితే దూరంలో 15 సెంటీమీటర్లు తేడా. మౌంట్ ఒక్క మిల్లీరేడియన్ ఊగితే కిలోమీటరు దూరంలో కిరణం మీటరు పక్కకు పోతుంది. ప్రాజెక్టులు ఎక్కువగా చెడేది అక్కడే.

కరీంనగర్ అన్న:
కళ్ల సంగతి ఒప్పుకుంటున్నా. కానీ రిఫ్లెక్టర్ లేని డ్రోన్ అయితే? తిరిగొచ్చే కాంతి మరీ తగ్గిపోతుంది, అప్పుడు శక్తి కావాల్సిందే.

కాజీపేట ఆప్టిక్స్:
అది వేరే డిజైన్ అన్నా, అక్కడ మీ మాటే సరి. వీళ్లకు రిఫ్లెక్టర్ ఉంది. తమ్ముడూ, ఎగరేసే ముందు కట్టకు దూరంగా, జనం లేని చోట, టోటల్ స్టేషన్‌తో (సర్వేవాళ్లు దూరాలు కచ్చితంగా కొలిచే పరికరం) కొలిచిన దూరంలో రిఫ్లెక్టర్‌ను స్తంభానికి బిగించి చూడండి. కేబుళ్లలో, డిటెక్టర్‌లో జరిగే ఆలస్యం ఎంతో తేలుతుంది. దాన్ని ప్రతి కొలతలో నుంచి తీసేయాలి.