చర్చ: ఆటగాళ్లు రాత్రిపూట సొంతంగా కారు నడపకూడదని ఒప్పందంలో రాయాలా?

చలిమంట:
1920 జూలైలో ఒక తెల్లవారుజామున అమెరికా బేస్‌బాల్ ఆటగాడు బేబ్ రూత్ వాషింగ్టన్ నుంచి న్యూయార్క్ వెళుతూ పెన్సిల్వేనియాలోని వావా దగ్గర కారు బోల్తా కొట్టించాడు. లోపల భార్య హెలెన్, జట్టువాళ్లు ఉన్నారు. అందరూ చిన్న దెబ్బలతో బయటపడి దగ్గర్లోని రైతు ఇంటికి నడిచి వెళ్లారు. రూత్ చనిపోయాడని పత్రికలో వార్త కూడా వచ్చేసింది! ఆ ఏడాదే అతను 54 హోమ్ రన్‌లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. ఆ రాత్రి కారు ఇంకో విధంగా పడి ఉంటే?
బేస్‌బాల్ ప్రామాణిక ఒప్పందం ప్రకారం క్లబ్ అనుమతి లేకుండా స్కీయింగ్, కారు పందేలు, స్కైడైవింగ్ కూడదు. మ్యాచ్ ఆడి అలసిపోయినవాడు అర్ధరాత్రి స్టీరింగ్ పట్టడం అంతకంటే చిన్న ప్రమాదమా? క్లబ్ డ్రైవరును ఇవ్వాలి, ఆటగాడు వద్దనకూడదు.

తూర్పుగాలి:
ఒప్పుకోను. 2009 ఏప్రిల్‌లో ఏంజెల్స్ అనే బేస్‌బాల్ జట్టు పిచ్చర్ (బంతి విసిరేవాడు) నిక్ ఏడెన్‌హార్ట్ ఆరు ఇన్నింగ్స్ ఒక్క పరుగూ ఇవ్వకుండా వేశాడు. కొన్ని గంటలకే, తాగి నడిపినవాడు సిగ్నల్ దాటి వచ్చి గుద్దడంతో చనిపోయాడు. వయసు 22. కారు నడిపింది అతను కాదు, పక్కన కూర్చున్నాడంతే. మీ నిబంధన అతన్ని ఎలా కాపాడేది? తాగి నడిపేవాళ్లను ఆపకుండా ఆటగాడి తాళం చెవి లాక్కోవడం అన్యాయం. ఇంటికి ఎలా వెళ్లాలో కూడా యజమానే చెప్పాలా?

రాత్రిబస్సు:
మా నాన్న ముప్పై ఏళ్లు రాత్రి బస్సు నడిపారు. కిటికీ తీసి, ముఖం మీద నీళ్లు చల్లుకుని మరీ నడిపేవారు. "కునుకు దారి మధ్యలో రాదురా, ఊరు దగ్గరపడ్డాక వస్తుంది" అనేవారు. 2022 డిసెంబర్ 30న రిషబ్ పంత్ ఒంటరిగా కారు నడుపుతూ డివైడర్‌ను గుద్దింది సొంత ఊరు రూర్కీ దగ్గరే. ముందుగా ఆదుకున్నది కూడా ఒక బస్సు డ్రైవరు, కండక్టరే.
బేస్‌బాల్ ఆటగాడు రాయ్ కాంపనెల్లా అయితే 1958 జనవరిలో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఉన్న తన దుకాణం మూసి, అద్దె కారులో ఇంటికి బయలుదేరాడు. జారుడు రోడ్డు. స్తంభాన్ని గుద్దుకుని మెడ విరిగింది. మళ్లీ నడవలేదు. మరుసటి ఏడాది అతని కోసం లాస్ ఏంజెలెస్ స్టేడియంలో 93,103 మంది చేరారు. దీపాలు ఆర్పేసి, చీకట్లో అగ్గిపుల్లలు వెలిగించారు. ఆ వేలాది చిన్న మంటల మధ్య అతను చక్రాల కుర్చీలో ఉన్నాడు. అయితే అతను వచ్చింది దుకాణం నుంచి, మ్యాచ్ నుంచి కాదు. కాబట్టి చలిమంట గారూ, క్లబ్ డ్రైవరు ఒక్కటే చాలదు.

చలిమంట:
ఏడెన్‌హార్ట్ సంగతిలో తూర్పుగాలి గారిదే నిజం. నా దగ్గర జవాబు లేదు. కానీ మందలింపు, జరిమానాలతో పని జరగదని మాత్రం గట్టిగా అంటాను. 1921 జూన్‌లో అతివేగానికి రూత్‌కు 100 డాలర్ల జరిమానా వేసి, సాయంత్రం నాలుగు దాకా జైలులో ఉంచారు. లోపలే ఆట దుస్తులు వేసుకుని, పైన సూటు తొడుక్కున్నాడు. విడిచిపెట్టగానే కారెక్కి, అదే వేగంతో మ్యాచ్ జరిగే పోలో గ్రౌండ్స్ మైదానానికి వెళ్లాడు.