ఒక్క అమైనో ఆమ్లం మారితే ప్రోటీన్ ఆకారం నిజంగా చెడుతుందా?

మడత_ప్రశ్న

సికిల్ సెల్ జబ్బులో హిమోగ్లోబిన్ బీటా గొలుసు 6వ స్థానంలో గ్లుటామేట్ బదులు వాలీన్ ఉంటుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల్లో ఎక్కువమందికి కణ పొర గుండా క్లోరైడ్‌ని దాటించే సీఎఫ్‌టీఆర్ ప్రోటీన్‌లోని 1,480 అమైనో ఆమ్లాల్లో 508వది, ఫినైల్‌అలనీన్, ఉండదు. రెండింటినీ "ఆకారం చెడి వచ్చే జబ్బులు" అని ఒకే గాటన కడతారు. కానీ సికిల్ హిమోగ్లోబిన్ స్ఫటిక నిర్మాణాన్ని మామూలుదాని మీద పరిచి చూస్తే దాదాపు అచ్చు గుద్దినట్టే ఉంది. మరి చెడింది ఏమిటి?

ఇంకోటి. ఒక ఎంజైమ్ మ్యూటెంట్ (అమైనో ఆమ్లం మారిన రూపం) సరిగ్గా పనిచేయడం లేదు. ముడుచుకోక పనిచేయడం లేదా, ముడుచుకుని కూడా పనిచేయడం లేదా? ఎలా తేల్చాలి? ప్రోటీన్ ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రామ్‌లో వేస్తే వైల్డ్ టైప్‌కీ (మార్పు లేని మామూలు రూపం) మ్యూటెంట్‌కీ ఒకే బొమ్మ వస్తోంది.

హీమ్_గుంట

మీరు చూసింది నిజమేనండీ. సికిల్‌లో విడి అణువు ఆకారం చెడదు.

రెండు ఆల్ఫా, రెండు బీటా గొలుసులున్న హిమోగ్లోబిన్‌కి రెండు భంగిమలు: ఆక్సిజన్ లేనప్పుడు టీ, ఉన్నప్పుడు ఆర్. టీలో ఆక్సిజన్‌ని పట్టే ఇనుము, తన చుట్టూ ఉండే హీమ్ అనే చదునైన పళ్లెం నుంచి సుమారు 0.4 ఆంగ్‌స్ట్రామ్‌లు బయటికి ఉంటుంది. ఆక్సిజన్ అతుక్కోగానే పళ్లెంలోకి జారుతుంది. జారుతూ తనను పట్టుకుని ఉన్న హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని, దాంతోపాటు అది ఉన్న ఎఫ్ హెలిక్స్ అనే మెలిక ముక్కనీ లాగుతుంది. ఆ చిన్న లాగుడుకే గొలుసుల మధ్య అయానిక బంధాలు తెగి, ఒక ఆల్ఫా-బీటా జంట రెండో జంట మీద దాదాపు 15 డిగ్రీలు తిరుగుతుంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ని పట్టుకోవడం, కండరాల్లో వదలడం అంతా ఈ తిరుగుడు మీదే నడుస్తుంది.

జబ్బు దూరేది కూడా ఇక్కడే. 6వ వాలీన్ ఉపరితలం మీద ఉంటుంది, నీరంటే దానికి పడదు. టీ భంగిమలో పక్క అణువు బీటా గొలుసు మీద 85వ ఫినైల్‌అలనీన్, 88వ లూసీన్ ఉన్నచోట ఒక గుంట దానికి అందుతుంది. వాలీన్ అందులో ఇమిడిపోతుంది, ఆవేశం ఉన్న గ్లుటామేట్ ఇమడదు. అలా అణువుకి అణువు తగులుకుని 14 పోగుల తాడు పేనుకుంటుంది, ఆ తాళ్లే ఎర్ర కణాన్ని కొడవలిలా సాగదీస్తాయి. ఆర్ భంగిమలో ఈ పొందిక కుదరదు. అంటే మ్యూటేషన్ కొత్త ఆకారాన్ని తేలేదు, మామూలుగా వచ్చిపోయే భంగిమకే ఒక జిగురు మచ్చ అంటించింది.

తాడు మొదలవడానికి పట్టే వ్యవధి కణంలోని హిమోగ్లోబిన్ గాఢతలో దాదాపు 30వ ఘాతానికి విలోమంగా మారుతుంది. గాఢత 5 శాతం తగ్గితే చాలు, వ్యవధి నాలుగు రెట్లకు పైగా పెరుగుతుంది. ఈలోగా కణం కేశనాళికలు దాటేసి ఊపిరితిత్తుల దారి పడుతుంది. ఒంట్లో నీరు తగ్గితే నొప్పులు రావడానికీ, పిండ హిమోగ్లోబిన్‌ని పెంచే హైడ్రాక్సీయూరియా మేలు చేయడానికీ కారణం ఇదే.

ఛాపరోన్70

సీఎఫ్‌టీఆర్ కథ వేరు. అక్కడ మడతే కుదరదు. 508వ అమైనో ఆమ్లం లేకపోతే మొదటి న్యూక్లియోటైడ్ బైండింగ్ డొమైన్ (ఏటీపీని పట్టుకునే భాగం) నిలకడ తగ్గుతుంది, పొర వైపు లూప్‌తో దానికుండే అతుకు కూడా ఊడుతుంది. ఇలాంటి ప్రోటీన్లు ముడుచుకునే చోటైన ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోని తనిఖీ దాన్ని పట్టేసి, ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్‌కి అప్పగిస్తుంది. కణాలను 27 డిగ్రీల దగ్గర పెంచితే కొంత ప్రోటీన్ పొరకు చేరి, కొద్దిగానైనా క్లోరైడ్‌ని వదులుతుంది. అందుకే మందులు కూడా రెండు రకాలు కలిపి ఇస్తారు: ఎలెక్సాకాఫ్టార్ లాంటివి మడతను నిలబెడతాయి, ఇవాకాఫ్టార్ పొరకు చేరిన ద్వారాన్ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది.

దీన్ని వెస్టర్న్ బ్లాట్‌లో (జెల్‌లో ప్రోటీన్లను విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) చూసేవాళ్లకు ఒక మాట: శాంపిల్‌ని 95 డిగ్రీల దగ్గర మరిగించకండి. పొర ప్రోటీన్ గడ్డకట్టి జెల్ పైనే ఆగిపోతుంది, దాన్ని చూసి మ్యూటెంట్ లేదనుకుంటారు. 37 డిగ్రీలు చాలు.

ఆల్ఫాఫోల్డ్ గురించి: అది ముడుచుకున్నాక ఎలా ఉంటుందో చెబుతుంది, ఎంత గట్టిగా ముడుచుకుందో చెప్పదు. చాలా ప్రోటీన్లలో ముడుచుకున్న స్థితికీ విప్పుకున్న స్థితికీ తేడా మోల్‌కి 5 నుంచి 15 కిలోకేలరీలే. అందులో మూడు పోయినా బొమ్మ మారదు, కణంలో మాత్రం ప్రోటీన్ మిగలకపోవచ్చు.

సీడీ_222

రెండో ప్రశ్నకు. ముందు శాంపిల్‌ని వేగంగా సెంట్రిఫ్యూజ్ చేసి అణువులను సైజును బట్టి విడదీసే జెల్ ఫిల్ట్రేషన్ కాలమ్‌లో నడపండి. వాయిడ్ వాల్యూమ్‌లోనే (అన్నిటికంటే పెద్దవి ముందుగా బయటికొచ్చే చోటే) పీక్ వస్తే అది గడ్డ, మిగతా పరీక్షలు దండగ.

తర్వాత ప్రోటీన్‌లో హెలిక్స్‌ల లాంటి మడతలు ఎంత ఉన్నాయో కాంతితో చూసే సర్క్యులర్ డైక్రోయిజం: 1 మిల్లీమీటరు క్యూవెట్, మిల్లీలీటరుకి 0.1-0.2 మిల్లీగ్రాములు, 10 మిల్లీమోలార్ ఫాస్ఫేట్. క్లోరైడ్, ఇమిడజోల్ ఉంటే 200 నానోమీటర్ల కింద ఏమీ కనిపించదు. ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడేది గాఢత దగ్గర. 20 శాతం తప్పు కొలిస్తే గ్రాఫ్ అంతే కుంగుతుంది, హెలిక్స్ పోయిందని రాసేస్తారు. 222, 208 నానోమీటర్ల దగ్గరి విలువల నిష్పత్తి చూడండి, దానికి గాఢతతో పని లేదు.

థర్మల్ షిఫ్ట్‌కి (వేడి చేస్తూ ప్రోటీన్ ఎప్పుడు విప్పుకుంటుందో చూసే పరీక్ష) 20 మైక్రోలీటర్లలో 2-5 మైక్రోమోలార్ ప్రోటీన్, 5ఎక్స్ సైప్రో ఆరెంజ్ (విప్పుకున్న ప్రోటీన్‌కి అతుక్కుని వెలిగే రంగు), 25 నుంచి 95 డిగ్రీల దాకా నిమిషానికి ఒక డిగ్రీ. మొదట్లోనే వెలుగు ఎక్కువగా ఉంటే డిటర్జెంట్ మిగిలిందేమో చూసుకోండి. సబ్‌స్ట్రేట్ అనలాగ్ కలిపినప్పుడు టీఎమ్ (సగం ప్రోటీన్ విప్పుకునే ఉష్ణోగ్రత) పెరిగితే అది అతుక్కుంటోందన్నమాట.

చివరగా కైనెటిక్స్. సగం అణువులు చచ్చి, సగం బాగుంటే వీమాక్స్ (ఎంజైమ్ గరిష్ఠ వేగం) సగమవుతుంది, కేఎమ్ (సగం వేగానికి కావలసిన సబ్‌స్ట్రేట్ గాఢత) కదలదు. కేఎమ్ కూడా మారిందంటే బతికున్న అణువుల్లోనే తేడా ఉంది, యాక్టివ్ సైట్‌ని (రసాయన చర్య జరిగే చోటుని) అనుమానించండి.

మడత_ప్రశ్న

టీఎమ్ వైల్డ్ టైప్‌కి 54, మ్యూటెంట్‌కి 47. కేఎమ్ ఒకటే. వీమాక్స్ 25 డిగ్రీల దగ్గర దాదాపు సమానం, 37 దగ్గర మూడో వంతు. కానీ 37 అంటే టీఎమ్‌కి ఇంకా పది డిగ్రీలు కిందే కదండీ?

సీడీ_222

కిందే, కానీ ఆ టీఎమ్ మీరు వేడి చేసిన వేగాన్ని బట్టి వచ్చింది. 37 దగ్గర కొద్ది అణువులే విప్పుకున్నా, అవి గడ్డకట్టి వెనక్కి రాకపోతే అరగంటలో చాలా భాగం పోతుంది. ప్రోటీన్‌ని 37 దగ్గర 0, 5, 15, 30 నిమిషాలు ఉంచి, చల్లార్చి, అన్నింటినీ 25 దగ్గరే కొలవండి. వరసగా పడిపోతే జవాబు అదే. ప్రతి శాంపిల్‌నీ సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేలిన ద్రవంలో ఎంత ప్రోటీన్ మిగిలిందో కూడా చూడండి. 10 శాతం గ్లిసరాల్ కలిపిన సెట్ ఒకటి పక్కన పెట్టండి, అందులో పతనం నెమ్మదిస్తే లోపం నిలకడలోనే.