డైనోసార్ల రూపాన్ని నిర్ణయించింది ఎముకలా, చిత్రకారులా?

బడిపంతులు (ప్రశ్న):
పాత పుస్తకాల్లో తోకను నేల మీద ఈడ్చుకుంటూ మందకొడిగా కనబడిన డైనోసార్, ఇప్పటి బొమ్మల్లో తోక పైకెత్తి పరుగెడుతోంది. కొన్నిటికి ఈకలు కూడా వచ్చాయి. ఈ మార్పంతా కొత్త శిలాజాల వల్లే వచ్చిందా, చిత్రకారుల చేయి కూడా ఉందా? తెలిసినవారు వివరించగలరు.

శిలాజప్రియ:
వారి పాత్ర మొదటినుంచీ ఉంది. బ్రిటిష్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 1842లో ఈ జీవులకు పేరు పెట్టిన పన్నెండేళ్లకే, ఆయన సలహాతో బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్ అనే శిల్పి లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ఉద్యానవనంలో వాటి భారీ విగ్రహాలను నిలబెట్టాడు. డైనోసార్లను జనం కళ్లారా చూసినది దాదాపు అక్కడే మొదలు. అందులో ఇగ్వానోడాన్ అనే శాకాహార డైనోసార్ నాలుగు కాళ్ల మీద, ఖడ్గమృగంలా ముక్కుపై కొమ్ముతో నిలిచింది. ఆ కొమ్ము ఊహ హాకిన్స్‌ది కాదు, అంతకుముందే ఇగ్వానోడాన్‌కు పేరు పెట్టిన వైద్యుడు గిడియన్ మాంటెల్ చేసినది. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ట్ బొగ్గుగనిలో అనేక అస్థిపంజరాలు దొరికాక, అది నిజానికి చేతి బొటనవేలి ముల్లని తేలింది; విగ్రహాలు మాత్రం నేటికీ కొమ్ముతోనే ఉన్నాయి. చేతిలో కొద్దిపాటి ఎముకలు, పళ్లు మాత్రమే ఉన్న రోజుల్లో పనిచేసిన శిల్పిని తప్పుపట్టడం అన్యాయమని నా అభిప్రాయం.

బొమ్మలాయన:
ఒక్కోసారి శాస్త్రవేత్త వాదనను బొమ్మే మోసుకెళ్లింది. అమెరికన్ శిలాజ శాస్త్రవేత్త జాన్ ఆస్ట్రమ్ 1969లో డైనోనికస్ అనే మాంసాహార డైనోసార్‌ను వర్ణించిన గ్రంథానికి ఆయన శిష్యుడు రాబర్ట్ బేకర్ గీసిన బొమ్మలో, ఆ జంతువు తోకను వెనక్కి బిగదీసి దూసుకుపోతుంటుంది. అది చురుకైన వేటగాడని ఆస్ట్రమ్ పేజీల కొద్దీ రాసినదాన్ని, ఆ గీతలు ఒక్క చూపులో నమ్మించాయి. నిజానికి చార్లెస్ నైట్ అనే చిత్రకారుడు 1897లోనే గాలిలోకి ఎగిరి పోట్లాడుకునే రెండు లేలాప్స్ అనే మాంసాహార డైనోసార్లను చిత్రించాడు. ఆ చురుకును తరువాతి దశాబ్దాలు ఎందుకు పక్కన పెట్టాయో నాకు వింతగానే తోస్తుంది. దీనికి వ్యతిరేకమైన సంగతీ ఉంది: వెలోసిరాప్టర్ అనే చిన్న మాంసాహార డైనోసార్ ముంజేతి ఎముకపై ఈకల ఆనవాళ్లు 2007లో బయటపడినా, చాలామంది మనసులో 1993 నాటి హాలీవుడ్ సినిమాలోని ఈకల్లేని చర్మమే నిలిచిపోయింది.

గోదావరి లోయ:
మన దగ్గరి ఉదాహరణ ఒకటి చేర్చుతాను. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలోని కోటాసారస్ అనే పొడవు మెడ శాకాహార డైనోసార్ అస్థిపంజరం, ప్రాణహిత-గోదావరి లోయలో యామన్‌పల్లి వద్ద దొరికిన పలు జంతువుల ఎముకలను కూర్చి నిలబెట్టినది. కొన్ని పళ్లు తప్ప దాని పుర్రె దొరకలేదు కనుక, పిల్లలు తలెత్తి చూసే ఆ తల ఇతర జాతుల ఆధారంగా ఊహించి మలచినదే. ఏ భాగం ఎముక, ఏ భాగం ఊహ అన్నది పక్కనే ఒక పలకపై రాసి ఉంచడం ఏ ప్రదర్శనశాలకైనా కష్టమైన పని కాదు.